మొదటి సెమిస్టర్‌లో సి మేలా, పైథాన్ మేలా?

పర్లాకిమిడిలో మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంజనీరింగ్‌లో చేరాక ఇంగ్లీషు. ఆ మూడింటి మీద నాలుగోదిగా నాకు సి అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చిపడింది. మూడేళ్ల తర్వాత మా పిన్ని కూతురు బరంపురంలో చేరితే దానికి మొదటి భాషగా పైథాన్ చెప్పారు. మొన్న సెలవుల్లో ఇద్దరి ల్యాబ్ రికార్డులూ పక్కపక్కన పెట్టి చూశాం.

ఫాక్టోరియల్ (1 నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నిటినీ గుణించడం) దగ్గరే తేడా తేలిపోయింది. నా ప్రోగ్రాం 7 దాకా సరిగ్గానే చెప్పింది. 8 ఇస్తే మైనస్ 25216 అంది. మా ల్యాబ్‌లో ఉన్న కంపైలర్, అంటే ప్రోగ్రాంని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చేది, పాత టర్బో సి. అందులో ఇంట్‌కి, అంటే పూర్ణాంకం దాచే చోటుకి, 16 బిట్లే, 32767 దాటిన అంకె మైనస్‌లోకి తిరగబడుతుంది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) తప్పు రాశానేమోనని రెండు రోజులు కొట్టి రాశాను, నాకు లెక్కలు రావేమోనని ఏడ్చాను కూడా. చెల్లి 20 ఇచ్చి చూపించింది: 2432902008176640000. "ఇందులో కష్టమేముంది అక్కా?" అంది.

కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్‌ఎఫ్ గోల వేరు. వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ముందు యాంపర్‌శాండ్ (&) మరిచిపోతే కంపైల్ అయిపోతుంది, రన్ చేస్తేనే చెడుతుంది. మెమరీలో అడ్రస్ అంటే ఏమిటో తెలియని మొదటి నెలలోనే ఆ గుర్తు పెట్టాలి. పైథాన్‌లో తప్పు చేస్తే చాలాసార్లు ఏ లైన్లో ఏమైందో చెబుతుంది. ఇంగ్లీషు తడబడే మనలాంటివాళ్లకి ఆ లైన్ నంబరు పెద్ద ఆసరా. పైథాన్ 3లో వేరియబుల్ పేరు తెలుగు లిపిలోనే 'మొత్తం' అని పెట్టుకోవచ్చు. చెల్లి అలా రాసి చూపిస్తే నాకు ఎంత ముచ్చటేసిందో!

రెండు భాషలకీ ఈ తేడా అనుకోకుండా కుదిరింది కాదు. సిని 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసింది యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ల కోసం. 1991లో పైథాన్ విడుదల చేసిన గైడో వాన్ రోసమ్ అంతకుముందు ఏబీసీ అనే భాష మీద పనిచేశారు, అది కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం పుట్టింది.

పరీక్షలో మాత్రం సికే నా ఓటు. పేపర్ మీద పైథాన్ రాస్తే ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) పక్కకి జరిగిపోతుంది, ఏ లైను లూప్ లోపలిదో దిద్దేవాళ్లకి తెలియదు. బ్రాకెట్లున్న సికి ఆ బాధ లేదు. ఇంకోటి, చెల్లికి అంత పెద్ద సంఖ్య మెమరీలో ఎలా కూర్చుందో తెలియదు. అడిగితే "వచ్చేసింది కదా" అంది. నేను ఏడ్చి నేర్చుకున్నా, నాకు తెలుసు.

అయినా ముందు పైథానే మేలంటాను. ఇంట్లో కంప్యూటర్ లేక, వారానికి ఒక ల్యాబ్ క్లాసుతో మొదలుపెట్టే పిల్లలకి ముందు లూప్, కండిషన్, ఫంక్షన్ ఒంటబట్టాలి. మెమరీ సంగతి రెండో సెమిస్టర్‌కి ఆగుతుంది. ఎలక్ట్రానిక్స్‌లో చేరి మైక్రోకంట్రోలర్ల (యంత్రాల్లో ఉండే చిన్న కంప్యూటర్ చిప్పుల) మీద పనిచేయాలనుకునేవాళ్లు మాత్రం సిని అంతకంటే వెనక్కి నెట్టకూడదు.

చెల్లికి ఈ సెమిస్టర్‌లో సి మొదలైంది. నా పాత రికార్డు అడిగి తీసుకెళ్లింది. ఫాక్టోరియల్ పేజీలో పెన్సిల్‌తో రాసిచ్చాను: "ఇప్పటి కంపైలర్లలో ఇంట్ 32 బిట్లు. 12 దాకా సరే, 13 దగ్గర చూసుకో."