లిఫ్ట్‌లో కూడా చాపే!

టోక్యోలో ఓతెమాచీ అంటే అన్నీ బ్యాంకులు, ఆఫీసులే. వాటి మధ్య 2016లో తెరిచిన 17 అంతస్తుల ర్యోకాన్ (జపాన్ సంప్రదాయపు బస), హోషినోయా టోక్యో. గుమ్మంలోనే బూట్లు విప్పించి చెక్క అరల్లో పెట్టేస్తారు. అక్కడి నుంచి లిఫ్ట్‌లో కూడా తతామీ చాపే! మనకిది అలవాటేగా, నాకు హాయిగా అనిపించింది. మా ఆయన మాత్రం సాక్సు చిరుగు దాచుకోలేక తంటాలు పడ్డారు.

అసలు మజా అన్నిటికన్నా పై అంతస్తులోని స్నానాల తొట్టిలో ఉంది. 1,500 మీటర్ల లోతు నుంచి తోడిన వేడినీళ్లు, నాలుక్కి తగిలితే ఉప్పగా ఉంటాయి. తొట్టిలోంచి అలాగే బయటి భాగానికి వెళ్తే చుట్టూ ఎత్తైన గోడలు, నెత్తిమీద ఆకాశం. ఆడవాళ్లకి వేరుగానే ఉన్నా, ఒంటిమీద నూలుపోగు లేకుండా దిగాలంటే మొదట టెన్షనే. కాసేపటికి ఎవరి గొడవ వాళ్లదని తెలిసిపోతుంది.

అద్దె చూస్తే గుండె గుభేలే. పరుపు బాగా కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. జపాన్‌లో కూరగాయల సూపులోనూ చాలాసార్లు చేప రసమే ఉంటుంది.