ఇంట్లో చేసుకునే గ్రీటింగ్ కార్డులు: ఏళ్ల తరబడి వాడాక ఏ సరుకు నిలిచింది, ఏది దండగ

మా ఇంట్లో షాపు నుంచి గ్రీటింగ్ కార్డు కొనడం మానేసి చాలా ఏళ్లయింది. సంక్రాంతికి, ఉగాదికి బంధువులకు పంపేవి, పెళ్లిరోజుకు ఇచ్చేవి, పిల్లలు టీచర్లకు పట్టుకెళ్లేవి అన్నీ ఇంట్లో చేసినవే. ఇన్నేళ్లలో హైదరాబాద్ కోఠీ, బేగంబజార్ షాపుల్లో దొరికే సరుకు చాలావరకు వాడి చూశాను. కొన్ని ఇప్పటికీ నా డబ్బాలో ఉన్నాయి, కొన్నింటిని రెండోసారి కొనలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టాల్సింది మంచి కాగితం మీద, మంచి బ్లేడు మీద. మిగతావి ఇంట్లోనో, వీధి చివర టైలర్ దగ్గరో దొరుకుతాయి. కార్డుల తయారీ కిట్ అంటూ పెట్టెలో సర్ది అమ్మేవి అసలు అక్కర్లేదు. వాటిలో పల్చటి కాగితం, చిన్న చిన్న స్టిక్కర్లు తప్ప పనికొచ్చే సామాను తక్కువ.

చాలామంది స్కూలు ప్రాజెక్టులకు వాడే చార్ట్ పేపర్‌తో మొదలుపెడతారు. అది కార్డుకు చాలదు. టేబుల్ మీద నిలబెడితే కాసేపటికే వంగిపోతుంది, పైగా చుట్టగా చుట్టి ఇస్తారు కాబట్టి ఆ వంపు ఒక పట్టాన పోదు. నేను వాడేది ఐవరీ షీట్ అనే నున్నటి మందపాటి కాగితం, ఏ4 సైజు, 300 జీఎస్ఎం. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క. ఒక చదరపు మీటరులో పదహారో వంతు ఏ4 షీటు. అంటే 300 జీఎస్ఎం షీటు ఒకటి 19 గ్రాములకు కాస్త తక్కువ. దాన్ని సగానికి కోస్తే రెండు కార్డులు వస్తాయి, ఒక్కోటి తొమ్మిదిన్నర గ్రాములలోపే. ఈ బరువు గుర్తుంచుకోండి, పోస్టు దగ్గర పనికొస్తుంది. విడిగా కొంటే షీటు నాకు ఏడెనిమిది రూపాయలు పడుతోంది, కట్టగా తెచ్చుకుంటే ఇంకా తగ్గుతుంది. కార్డుకు నాలుగు రూపాయలు వేసుకోండి.

కాగితం మంచిదైనా మడత దగ్గర పగిలి తెల్లటి పీచు లేస్తోందని చాలామంది అంటారు. అది కాగితం తప్పు కాదు, మడిచిన దిక్కు తప్పు. తయారయ్యేటప్పుడే కాగితంలో పీచు ఎక్కువగా ఒక వైపుగా పరుచుకుంటుంది. దీన్నే ప్రెస్సులో గ్రెయిన్ అంటారు. ఆ వైపుగా మడిస్తే మడత శుభ్రంగా పడుతుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. కనుక్కోవడం తేలిక. షీటును రెండు చేతులతో పట్టుకుని మడత పడకుండా పొడుగ్గా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడండి. ఎటు వంచితే చేతికి తేలిగ్గా అనిపిస్తుందో ఆ మడత గ్రెయిన్ వెంట ఉన్నట్టు. ఏ4 షీట్లలో గ్రెయిన్ ఎక్కువగా పొడుగు వైపే ఉంటుంది. అలాంటి షీటును పొడుగు సగమయ్యేలా అడ్డంగా కోసి, వచ్చిన ముక్కను మళ్లీ సగానికి మడిస్తే మడత గ్రెయిన్ వెంటే వస్తుంది. అదే షీటును నిలువునా రెండు పట్టీలుగా కోసి మడిస్తే పగులుతుంది. మడవడానికి ముందు ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో, స్టీల్ స్కేలు ఆనించి ఒక గీత గట్టిగా లాగాలి. ఈ పనికి విడిగా అమ్మే పనిముట్టు ఉంది కానీ ఖాళీ రిఫిల్ ముందు అది ఎందుకూ పనికిరాదు.

కత్తెరతో తిన్నగా కోయడం కష్టం, కాబట్టి ముక్కలుగా విరిగే బ్లేడున్న పేపర్ కటర్ తీసుకోండి. మొన మొద్దుబారగానే ఒక ముక్క విరిచెయ్యాలి. మొద్దు బ్లేడు కాగితాన్ని కోయదు, చింపుతుంది. మరీ నొక్కితే జారి వేలు తెగుతుంది కూడా, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. పాత క్యాలెండర్ అట్ట మీద పెట్టి కోస్తే దానిలో పాత గాట్లు ఉంటాయి కదా, బ్లేడు వాటి వెంట పోతుంది. అందుకే కటింగ్ మ్యాట్ కొన్నాను. ఖరీదైనదే అయినా పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది.

ఇక ఖర్చు లేని సరుకులో మొదటి స్థానం పాత శుభలేఖలది. ఏటా మాఘమాసం, వైశాఖం దాటేసరికి ప్రతి ఇంట్లోనూ ఒక కట్ట పోగవుతుంది. మందపాటి అట్ట, బంగారు రంగు ఫాయిల్ అచ్చు, ముత్యాల మెరుపున్న లోపలి కాగితం, ఇవన్నీ విడిగా కొంటే ఎంతవుతుందో ఊహించండి. నాలుగు మూలలా పసుపు పెట్టి ఉంటుంది కాబట్టి మూలలు వదిలేసి మధ్యభాగం వాడతాను. వినాయకుడి బొమ్మల విషయంలో మాత్రం మా అత్తగారిది గట్టి మాట: "దేవుడి బొమ్మ మీద కత్తెర పెట్టకమ్మా." అందుకే బొమ్మ చుట్టూ బాగా ఖాళీ ఉంచి కోసి, గృహప్రవేశం కార్డుల మీద నిండుగా అంటిస్తాను. పైన ప్లాస్టిక్ పొర వేసిన శుభలేఖలు వస్తాయి, వాటి మీద ఇంకు నిలవదు, నీళ్ల జిగురు పట్టదు. వెనకవైపు కాగితం ఉంటే అటు వాడుకోవచ్చు, లేకపోతే డబుల్ సైడ్ టేప్ ఒక్కటే దారి. పెళ్లి కార్డుల ప్రెస్సులు ఎక్కువగా ఉండే ఛత్తాబజార్ వైపు వెళ్తే, కోయగా మిగిలిన రంగు పట్టీలు అడిగి చూడండి. అడ్డం తొలగుతుందని ఊరికే ఇచ్చేవాళ్లున్నారు.

ఏ జిగురు, ఏ రంగు ఎంతకాలం ఆగుతుందో నాకు మా మేనత్త ఇంట్లో తెలిసింది. ఆవిడ తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఉంటుంది. నేను పంపిన ప్రతి కార్డూ ట్రంకుపెట్టెలో చీరల కింద దాచింది, నచ్చినవి రెండు మూడు గోడకు తగిలించింది. కిందటి వేసవిలో వాటన్నిటినీ మంచం మీద పరిచి ఒక్కోటే తిప్పి చూశాను. స్కెచ్ పెన్నుతో రాసిన గులాబీ, ఊదా రంగు అక్షరాలు గోడ మీది కార్డుల్లో దాదాపు కనిపించడం లేదు. పెట్టెలోవి కూడా వెలిసిపోయాయి. నల్ల జెల్ పెన్ను గీతలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి. పోస్టర్ కలర్లు రంగు పోలేదు కానీ మందంగా వేసినచోట, మడత దగ్గర పెచ్చులు లేచాయి. సెల్లో టేపు పచ్చబడి పెళుసెక్కింది. మైదా జిగురుతో అంటించిన కార్డుల అంచుల్ని పుస్తకాల పురుగులు కొరికేశాయి. పాతకాలం బైండింగ్ పనివాళ్లు పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం, పిల్లలు కూర్చుని చేసే పనిలో దాని జోలికి పోవద్దు. గ్లూ స్టిక్‌తో అంటించినవాటికి మూలలు లేచాయి. అన్నిటికన్నా బాగా నిలిచింది మామూలు తెల్ల జిగురు.

తెల్ల జిగురులో నీళ్లుంటాయి కాబట్టి పల్చటి కాగితం ముడతలు పడుతుందనే మాట నిజమే. దానికి విరుగుడు, జిగురు తక్కువ వాడటమే. ఒక బొట్టు వేసి పాత విజిటింగ్ కార్డు అంచుతో పొర కనబడీ కనబడనంత సన్నగా లాగాలి. అంటించాక రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచితే ముడత రాదు. ఇప్పుడు నా పద్ధతి ఇదే. కాగితానికి తెల్ల జిగురు, గుడ్డకు డబుల్ సైడ్ టేప్.

గుడ్డ అంటే టైలర్ దగ్గర మిగిలే పీలికలు. జాకెట్లకు కోయగా పడేసే పెడన కలంకారీ ముక్క అరచేతి వెడల్పు ఉంటే చాలు, కార్డు మీద ఒక నెమలో తీగో నిండుగా కూర్చుంటుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసి కోస్తే అంచుల పోగులు లేవవు. జిగురైతే గుడ్డలోంచి పైకి ఊరి మరక కడుతుంది, అందుకే టేప్. పాత పట్టుచీరల జరీ అంచు కూడా బాగుంటుంది కానీ కోసిన చివరలు విచ్చుకుంటాయి, వాటిని కార్డు వెనక్కి మడిచి అంటించాలి.

అచ్చుల కోసం ఏ స్టాంపూ కొననక్కర్లేదు. నాకు బాగా ఇష్టమైనది బెండకాయ. ముదురు కాయ తీసుకుని ముచిక దగ్గర అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు అచ్చు దొరుకుతుంది. అప్పుడప్పుడు ఆరు, ఏడు రేకులవీ వస్తాయి. కోసిన వెంటనే అద్దితే జిగట వల్ల రంగు జారుతుంది. గుడ్డ మీద బోర్లించి పావుగంట ఆరనిచ్చి, రంగును పళ్లెంలో కాకుండా తడి స్పాంజి మీద పూసి, అక్కడి నుంచి అద్దుకోవాలి. అప్పుడు గింజల గదులు కూడా విడివిడిగా పడతాయి. కాకరకాయ అడ్డుముక్క గరుకు అంచున్న చక్రంలా వస్తుంది. అరటి ఆకు ఈనెను అడ్డంగా కోస్తే నెలవంక ఆకారం, దాని లోపల జల్లెడ కన్నాల్లాంటి గళ్లు. ఈ ఒక్క అచ్చుతోనే కార్డు చుట్టూ అంచు నింపేయొచ్చు. ఉల్లిపాయ మాత్రం నీరు ఎక్కువై నాకెప్పుడూ సరిగ్గా పడలేదు.

సంక్రాంతి కార్డులకు ముగ్గు కన్నా మంచి డిజైను నాకు కనబడలేదు. ఎర్రమట్టి రంగు కార్డ్ షీట్ మీద తెల్ల జెల్ పెన్నుతో వేస్తే అలికిన వాకిలిలా ఉంటుంది. ఏడు నుంచి నాలుగు, సందు చుక్క, ఈ కార్డు సైజుకు సరిగ్గా సరిపోతుంది. సెంటీమీటరు ఎడంతో పెడితే మధ్య వరుస ఆరు సెంటీమీటర్లే. చుక్కలు తిన్నగా రావడానికి గ్రాఫ్ కాగితం పైన పెట్టి సూదితో గుచ్చుతాను. తెల్ల జెల్ పెన్ను కొనేటప్పుడు నల్ల కాగితం మీద గీసి చూసుకోండి, కొన్ని పెన్నుల ఇంకు ఆరాక బూడిద రంగుకు తిరుగుతుంది.

ఎండబెట్టిన పూలలో శంఖుపుష్పం, కాగితంపూలు, విడదీసిన బంతి రేకలు బాగుంటాయి. వేపాకు గోధుమరంగైపోతుంది. వానాకాలంలో చేస్తే బూజు పడుతుంది, ఎండాకాలంలోనే చేసుకుని దాచుకోవాలి.

మళ్లీ కొననివి: చవకరకం డిజైన్ పంచ్‌లు మందపాటి షీటులో ఇరుక్కుపోతాయి. మెరుపు పొడి ఇల్లంతా రాలుతుంది, పిల్లల కళ్లల్లో పడితే ప్రమాదం కూడా. క్విల్లింగ్ పట్టీల (చుట్టలుగా చుట్టి అంటించే సన్నటి కాగితం పట్టీల) మీద నాకు కోపం లేదు. చవకగా దొరుకుతాయి, చూడటానికి చాలా అందం. కానీ ఎత్తుగా ఉండే ఆ పని చేతికిచ్చే కార్డులకే, పోస్టులో నలిగిపోతుంది.

పోస్టు విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చవకగా చేసిన కార్డును యాభై అరవై రూపాయలు పెట్టి పంపితే ఏం లాభం? మామూలు ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయల స్టాంపు. అది దాటితే ప్రతి 20 గ్రాములకు మరో 5. మన కార్డు తొమ్మిదిన్నర గ్రాములు. మామూలు 80 జీఎస్ఎం ఏ4 కాగితంతో కవరు చేసుకుంటే అది 5 గ్రాములు. అంటే అలంకరణకు ఇంకా ఐదు గ్రాముల పైచిలుకు మిగులుతుంది. గుడ్డముక్కకు, శుభలేఖ బొమ్మకు అది ధారాళంగా చాలు. కుందన్లు, పూసలు పెడితే బరువు పెరగడమే కాదు, పోస్టాఫీసులో ముద్ర గుద్దినప్పుడు పగులుతాయి. వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి చూసుకుంటే చాలు. కవరు కొలతలు కూడా చెబుతాను. కాగితాన్ని నిలువుగా పెట్టుకుని రెండు పక్కలా 28 మిల్లీమీటర్లు లోపలికి మడవాలి, కింద నుంచి 105 మిల్లీమీటర్లు పైకి మడిచి పక్కలకు అంటించాలి, ఆ మడత గీత నుంచి పైకి 110 వదిలి మిగిలింది మూతగా వాడాలి. కార్డు చుట్టూ కాస్త వదులు ఉంటుంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, తప్పకుండా చేరాల్సిన కార్డుకు స్పీడ్ పోస్టే. మిగతావి పండక్కి పది రోజుల ముందే మామూలు పోస్టులో వేసేస్తాను.

చివరిగా అక్షరాలు. షాపుల్లో నేను చూసిన స్టెన్సిళ్లు, స్టిక్కర్లు, స్టాంపులు అన్నీ ఇంగ్లీషువే. తెలుగులో ఇంత అందమైన లిపి పెట్టుకుని హ్యాపీ బర్త్‌డే అని అంటించడం నాకు మనసొప్పదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, తిమ్మన లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. కావలసిన మాటను పెద్దగా ప్రింట్ తీసి, వెనక పెన్సిల్ రుద్ది, కార్డు మీద పెట్టి గీస్తే ఆకారం దిగుతుంది. ఆ తర్వాత నల్ల జెల్ పెన్ను. కింద వత్తులకు చోటు వదలడం మరిచిపోకండి, శుభాకాంక్షలు అన్న మాటలో క్ష కిందికి బాగా దిగుతుంది.

ఎక్కువ కార్డులు చేసేవాళ్లకు ఇంకో మార్గం ఉంది. ఆఫీసు ముద్రలు చేసే రబ్బరు స్టాంపు షాపులో, మనమిచ్చిన తెలుగు మాటతో స్టాంపు చేసిస్తారు. నాకు మూడు వందలలోపే అయింది. అక్షరం ఎత్తు సెంటీమీటరుకు తగ్గకుండా, రామభద్ర లాంటి లావు ఫాంటులో ఇవ్వండి. సన్నటి ఫాంటైతే వత్తుల సందుల్లో ఇంకు నిండిపోతుంది. ఐవరీ షీట్ మీద ఇంకు ఆలస్యంగా ఆరుతుంది, పది నిమిషాలు ముట్టుకోకూడదు. స్టాంపు మీద శుభాకాంక్షలు అన్న ఒక్క మాటే చేయించాను. పైన ఉగాది అనో, పుట్టినరోజు అనో చేత్తో రాసుకుంటే ఆ ఒక్క స్టాంపుతో ఏడాది పొడుగునా పని జరిగిపోతుంది.