మ్యూచువలా, కేసా, బాండు పేపరా: విడిపోయేటప్పుడు ఏది మేలు?

మా చెల్లె విడాకుల పిటిషన్‌కు పెళ్లి కార్డు జతచేయాలని వకీలు చెబితే మా అమ్మ "ఇప్పుడు అదెందుకు బిడ్డా?" అంది. పెళ్లి అయిందని రుజువు చేస్తేనే కదా అది రద్దయ్యేది. బియ్యం డ్రమ్ము వెనక పాత క్యాలెండర్ల మధ్య వెతికితే ఒక్క కార్డు దొరికింది, నాలుగు మూలలా పసుపుతో. హన్మకొండ అదాలత్ దగ్గర జిరాక్స్ తీయిస్తే కాపీలో ఆ పసుపంతా నల్లటి మరకలుగా వచ్చింది. "ఇంకోటి తీయాల్నా అక్కా?" అన్నాడు షాపు పిల్లగాడు. చాలన్నాను.

మా చెల్లె విడాకులై మూడేళ్లు దాటింది. అప్పటినుంచి చుట్టాల్లోనైనా, స్టాఫ్‌రూమ్‌లోనైనా ఎవరింట ఈ మాట వచ్చినా ఫోను నాకే వస్తుంది. నేను వకీలును కాను, సర్కారు బడిలో లెక్కల టీచరును. అయితే ఏ దారిలో పోతే ఏం పోతుందో, ఏం మిగులుతుందో దగ్గరుండి చూసినదాన్ని. అందరూ ముందుగా అడిగేది ఒకటే: ఎవరి తప్పూ చూపించకుండా విడిపోవచ్చా?

ఇద్దరూ ఒప్పుకుంటే విడిపోవచ్చు, దాన్నే మ్యూచువల్ అంటారు. ఒక్కరికే కావాలంటే కుదరదు.

అమెరికాలో, లండన్‌లో పిల్లలున్నవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఇంగ్లండులో 2022 ఏప్రిల్ 6 నుంచి భార్య గానీ భర్త గానీ ఒక్కరే "మా కాపురం ఇక నిలవదు" అని రాసిచ్చినా సరిపోతుంది. దరఖాస్తు నుంచి 20 వారాలు, ఆపైన ఇంకో 6 వారాలు ఆగాలి, అంతే. కాలిఫోర్నియాలో 1970 నుంచే తప్పు చూపించే పని లేదు. మన దగ్గర అటువంటి బిల్లొకటి 2013లో రాజ్యసభ దాటింది గానీ, మరుసటి ఏడు లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పూర్తిగా చితికిపోయిన పెళ్లిని ఒకరు వద్దన్నా తాను రద్దు చేయగలనని చెప్పింది. అది 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు మాత్రమే ఉన్న అధికారం. ఫ్యామిలీ కోర్టుకు లేదు, హైకోర్టుకూ లేదు. "ఐదేండ్ల సంది విడిగా ఉంటున్నరు, కోర్టే ఇచ్చేస్తది" అని ఎవరన్నా అంటే నమ్మకండి.

ముందు కేసు సంగతి. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద క్రూరత్వం, వివాహేతర సంబంధం, రెండేళ్లకు తగ్గకుండా వదిలేసి పోవడం లాంటి కారణాల్లో ఒకటి చూపించి రుజువు చేయాలి. మా చెల్లె మొదట కలిసిన వకీలు క్రూరత్వం కింద వేద్దామని పిటిషన్ రాయించుకొచ్చాడు. పద్నాలుగు సంఘటనలు. చెల్లె రాత్రి పడుకునే ముందు చదివి నన్ను లేపింది. "అక్కా, పళ్లెం మొహాన విసిరికొట్టిండని రాసిన్రు. ఆయన పక్కకు నూకిండంతే." నిజంగా జరిగింది చిన్నగా కనబడి, కోర్టుకు ఆనదేమోనన్న భయంతో పెంచి రాసిన కాగితం అది. అవతలివాళ్లు ఊరుకుంటారా? వాళ్లు కోర్టుకిచ్చే జవాబులో చెల్లె గుణం మీద నాలుగు పేజీలు ఉంటాయి. ఆ తర్వాత బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్. వాయిదాలు ఏళ్లకేళ్లు నడుస్తాయి, విడాకులిస్తూ కోర్టు డిక్రీ ఇచ్చినా పైకోర్టుకు అప్పీలు ఉంటుంది. ఆ కాగితాన్ని మేము వెనక్కిచ్చేశాం.

అట్లాగని కేసు దారి పనికిరానిదనను. కొట్టేవాడితో, చంపుతానని బెదిరించేవాడితో "రా, కలిసి సంతకం పెడదాం" అనడం కుదిరే పని కాదు. అక్కడ ముందు 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఉండటానికి చోటు, నెలనెలా మనోవర్తి. విడాకుల మాట ఆ తర్వాత. అవతలివాళ్లు ససేమిరా అన్నా కేసు తప్ప గతి లేదు. ఆడవాళ్లకు ఖర్చు భయం అక్కర్లేదు, ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఇది తెలియక పుస్తెలతాడు తాకట్టు పెట్టినవాళ్లను చూశాను.

ఇక మ్యూచువల్. 13బి సెక్షన్, 1976లో చేర్చారు. కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి, కలిసి బతకలేమని ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే అది విడిగా ఉన్నట్టే లెక్క. మొదటిసారి ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు. ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలలు దాటకుండా, రెండోసారి హాజరై అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరేమీ కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, షరతులున్నాయి: పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నరగా విడిగా ఉండాలి, రాజీ ప్రయత్నాలన్నీ అయిపోయి ఉండాలి, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉండాలి. మా చెల్లె విడిగా ఉంటున్నది అప్పటికి పద్నాలుగు నెలలే. అందుకే ఆ ఆరు నెలల మాఫీకి దరఖాస్తు పెట్టలేదు.

తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. కానీ ఆ సంతకానికి వెల పలుకుతుంది. చెల్లె భర్త తరఫువాళ్లు మొదట పెట్టిన మెలిక అదే: "సంతకం కావాల్నంటే బంగారం అడగొద్దు." పెళ్లిలో అమ్మానాన్న పెట్టిన బంగారం అది, దాని మీద హక్కు చెల్లెది. విడాకుల తొందర ఎవరికి ఎక్కువుంటే వాళ్లే ఓడిపోతారని అప్పుడర్థమైంది. చివరికి మాట కుదరడానికి నాలుగు నెలలు పట్టింది, బంగారం వచ్చింది, భరణం తగ్గింది. పాప అమ్మ దగ్గరే ఉంటుంది, చదువు ఖర్చు తండ్రిది. పాప పోషణ తల్లి వదులుకున్నా పోదని, అది పిల్ల హక్కని మా రెండో వకీలు పట్టుబట్టి రాయించాడు.

ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. డిక్రీ అయ్యేదాకా ఇద్దరిలో ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు, 1991లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. అందుకే డబ్బంతా ముందు ఇవ్వొద్దు, అంతా చివరికీ పెట్టొద్దు. మాకు సగం మొదటి రోజు, సగం రెండో హాజరు రోజు డీడీగా. ఆ డీడీ జడ్జి ముందే చేతులు మారింది. పోలీసు కేసు ఏదన్నా నడుస్తుంటే డిక్రీతో అదంతట అది పోదు, దాన్నెలా ముగించాలో ఒప్పందంలోనే రాసుకోవాలి.

బాండు పేపరు గురించి కొంచెం కోపంగానే రాస్తాను. పెద్దమనుషులు కూర్చుంటారు, వంద రూపాయల బాండు మీద "నేటి నుండి మాకు ఏ సంబంధం లేదు" అని రాయించి ఇద్దరితో సంతకాలు, సాక్షుల వేలిముద్రలు. పొద్దున మొదలై భోజనాల వేళకల్లా ఖతం. చవక, త్వరగా అవుతుంది, వాయిదాల్లేవు. కానీ కోర్టు దృష్టిలో ఆ పెళ్లి అలాగే ఉంటుంది. కులాచారంగా వస్తున్న విడాకులను చట్టం 29వ సెక్షన్‌లో కాపాడిన మాట నిజమే. ఆ ఆచారం ఉందని సాక్ష్యాలతో నిరూపించే బరువు మాత్రం చెప్పుకునేవాళ్ల మీదే. తండాల్లో, గూడేల్లో లెక్క వేరు, ఎస్టీలకు కేంద్రం నోటిఫై చేయనిదే ఈ చట్టం దానంతటది వర్తించదు. మిగతావాళ్లు బాండును నమ్ముకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి నేరం మెడకు చుట్టుకోవచ్చు. పరకాల దిక్కు మా దూరపు చుట్టం ఒకామె పన్నెండేళ్లు బాండు కాగితాన్ని బీరువాలో దాచుకుంది. పాస్‌పోర్టు పనిపడ్డప్పుడు డిక్రీ ఏదని అడిగారు.

పెద్దమనుషులను అసలే వద్దనట్లేదు. బీరువా, మంచం, బిందెలు, ఎవరి సామాను ఎవరిదన్నది వాళ్ల ముందు తేలినంత తేలిగ్గా కోర్టులో తేలదు. మాకూ సామాను లెక్క వాళ్లే తేల్చారు. ఆ లెక్కను ఒప్పందంలో పెట్టి కోర్టుకు పోవాలి.

అమెరికా డిక్రీ తెచ్చుకున్నామనేవాళ్లు తిరుపతిలో 1975లో జరిగిన పెళ్లి గురించి వినాలి. భర్త మిస్సోరీ కోర్టులో, కాపురం చితికిపోయిందన్న కారణం మీద విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు అంది. ఇద్దరూ ఒప్పుకుని అక్కడ తీసుకుంటే ఇబ్బంది ఉండదు. ఒక్కరే తెచ్చుకున్న కాగితాన్ని ఇక్కడి వకీలుకు చూపించాకే తర్వాతి పెళ్లి మాట.

కోర్టు ద్వారా వేరుగా ఉండటమనే దారీ ఒకటుంది, 10వ సెక్షన్. పెళ్లి రద్దు కాదు, కలిసి ఉండాల్సిన పని ఉండదు, ఏడాది తర్వాత దాని మీద విడాకులు అడగొచ్చు. పూర్తిగా తెంచుకోవడానికి మనసొప్పని వాళ్లకు పనికొస్తుంది. మా ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు.

నన్నడిగితే, కొట్టడం, భయం లేని చోట మ్యూచువలే. కాకపోతే తొందర పైకి కనబడనీయకుండా, బంగారం, పాప, డబ్బు మూడూ కాగితం మీద తేలాకే మొదటి సంతకం.

రెండో హాజరు రోజు మా వంతు మధ్యాహ్నం వచ్చింది. "ఎవరి బలవంతమన్నా ఉందా అమ్మా?" అని జడ్జి అడిగారు. లేదంది. అదే మాట ఆయన్నీ అడిగారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మ్యూచువల్ డిక్రీ మీద అప్పీలు ఉండదు కాబట్టి అక్కడితో అయిపోయింది. సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకున్నాం, ఆధార్‌కు, బ్యాంకుకు, పాప స్కూలుకు తిరగడానికి. మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే చెల్లె ఇన్సూరెన్స్ బాండు బయటపడింది. నామినీ దగ్గర ఇంకా ఆ భర్త పేరే ఉంది. సోమవారం లీవు పెట్టి ఇద్దరం పోయి మార్పించుకొచ్చాం.