లైనక్స్ ఉన్న ఇంటికి బ్రదర్ ఎల్2321డి: కొన్నేళ్లు వాడాక

నలుపు-తెలుపు ప్రింట్లు చాలు, స్కానర్ అక్కర్లేదు, ఇంట్లో ఉబుంటునో డెబియనో, ఏదో ఒక లైనక్స్ నడుస్తోంది అంటే బ్రదర్ హెచ్ఎల్-ఎల్2321డి నిక్షేపంలాంటి లేజర్ ప్రింటర్. కొన్నేళ్లుగా మా ఇంట్లో పిల్లల వర్క్‌షీట్లు, హాల్ టికెట్లు, బ్యాంకు ఫారాలు, నాన్నగారు చదువుకునే స్తోత్రాలు అన్నీ దీని మీదే వస్తున్నాయి. ఆధార్ కాపీ కావాలంటే జెరాక్స్ షాపు నంబరుకు వాట్సాప్‌లో పంపాల్సిన పని తప్పింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంక్‌జెట్ వద్దనుకోవడానికి కారణం మా వాడకమే. వారంలో ఒకరోజు పాతిక పేజీలు తీస్తాం, తర్వాత ఇరవై రోజులు దాని వైపు చూడం. ఎండాకాలంలో అలా వదిలేస్తే ఇంకు హెడ్‌లోనే ఎండిపోతుంది. హెడ్ క్లీనింగ్ పెట్టిన ప్రతిసారీ ఇంకా కొంత ఇంకు వృథా. టోనర్ పొడికి ఎండిపోవడమనే బాధే లేదు.

ఇక లైనక్స్ సంగతి. ఈ మోడల్‌కు కంపెనీ ఇచ్చే లైనక్స్ డ్రైవర్ ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్ల కోసం చేసింది. మామూలు ల్యాప్‌టాప్‌లో దానితో పని జరిగిపోతుంది. కానీ నేను వాడేది బీఆర్‌లేజర్. స్వచ్ఛందంగా రాసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇది, డెబియన్, ఉబుంటుల సొంత సాఫ్ట్‌వేర్ భాండారాల్లోనే (రిపాజిటరీలు) దొరుకుతుంది. జాబితాలో దీనికి అన్నలాంటి ఎల్2320డి పేరు ఎంచుకుంటే సరిపోయింది. ఉబుంటు, డెబియన్ వెర్షన్ మారినప్పుడల్లా డ్రైవర్ కోసం వెతుక్కునే టెన్షన్ లేదు.

బీఆర్‌లేజర్ వల్ల ఇంకో పెద్ద లాభం కలిగింది. దీని సోర్స్ అందరికీ అందుబాటులో ఉండటంతో ఏఆర్ఎం ప్రాసెసర్‌కు కూడా ప్యాకేజీ ఉంది. అంటే ఆ ప్రాసెసర్‌తో వచ్చే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. ఈ ప్రింటర్‌కు వైఫై లేదు, ఉన్నది ఒక్క యూఎస్‌బీ పోర్టే. దాన్ని రాస్ప్‌బెర్రీ పైకి తగిలించి, అందులో కప్స్ (లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టి, బ్రౌజర్‌లో 631 పోర్టు మీదుండే దాని సెట్టింగుల పేజీ తెరిచి షేరింగ్ ఆన్ చేశాను. పక్కన అవాహి (నెట్‌వర్క్‌లో ప్రింటర్ ఉందని మిగతా పరికరాలకు చాటే ప్రోగ్రామ్) నడుస్తుంటే చాలు, ఇంట్లో ఫోన్లన్నిటికీ ఇది వైఫై ప్రింటర్‌లాగే కనిపిస్తుంది. మా అమ్మ సోఫాలో కూర్చుని ఫోన్‌లోంచే కరెంటు బిల్లు ప్రింట్ ఇచ్చేస్తుంది. కరెంటు పోయి వచ్చినా రాస్ప్‌బెర్రీ పై దానంతటదే లేచి పనిలో పడుతుంది.

తెలుగు ప్రింట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన లిపికి అసలు పరీక్ష ఒత్తుల దగ్గరే. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్ని చిన్న సైజులో పల్చటి కాగితం మీద ఇంక్‌జెట్‌తో తీస్తే ఇంకు పీల్చుకుని కింది ఒత్తులు ముద్దకట్టేస్తాయి. ఇక్కడ 600 డీపీఐలో, 10 పాయింట్ల మందలి ఫాంటులో కూడా ట-వత్తు, ర-వత్తు విడివిడిగా కనిపిస్తాయి. కప్స్‌కు పేజీ పీడీఎఫ్‌గా వెళ్తుంది, ఫాంటు అందులోనే ఉంటుంది. అందుకే తెర మీద కనిపించినట్టే కాగితం మీదకీ వస్తుంది.

మోడల్ పేరు చివర ‘డి’ అంటే రెండువైపులా ప్రింటింగ్. కాగితం ఖర్చు దాదాపు సగం మిగులుతుంది, కాబట్టి కప్స్‌లో దాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకోండి.

టోనర్ (పొడి ఉండే కార్ట్‌రిడ్జ్), డ్రమ్ము (ఆ పొడిని కాగితం మీదకి చేర్చే భాగం) వేర్వేరు. కంపెనీ లెక్క ప్రకారం టోనర్ 2,600 పేజీలకు, డ్రమ్ము 12,000 పేజీలకు. పొడి నింపించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే కార్ట్‌రిడ్జ్ పక్కనున్న పళ్లచక్రాన్ని మళ్లీ మొదటి స్థానానికి తిప్పమని చెప్పాలి. లేకపోతే ప్రింటర్ పాత లెక్కలోనే ఉండి టోనర్ అయిపోయిందంటుంది. పేజీ మీద నిలువు గీత పడితే డ్రమ్ము బయటికి తీసి, దాని మీదున్న పచ్చ ట్యాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగైదుసార్లు జరపండి. లోపలి సన్నటి తీగ శుభ్రమవుతుంది. ట్యాబ్‌ను బాణం గుర్తు దగ్గరికి తిరిగి తేవడం తప్పనిసరి, మధ్యలో వదిలేస్తే అదే కొత్త గీత అవుతుంది.

ఇన్వర్టర్ మీద మాత్రం పెట్టకండి. లోపలి హీటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాను.

మరి ఇవాళ కొత్తగా కొనేవాళ్లు ఇదే కొనాలా? సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే ధైర్యంగా తీసుకోండి. కొత్తదైతే డబ్బా మీద లైనక్స్ అన్న మాట వెతకడం కన్నా ఎయిర్‌ప్రింట్ గుర్తు ఉందా అని చూడండి. ఆపిల్ కోసం పెట్టిన ఆ పద్ధతే లైనక్స్‌కూ పనికొస్తుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు. కప్స్‌ను నడిపించే ఓపెన్‌ప్రింటింగ్ వాళ్లు రాబోయే కప్స్ 3.0లో పాత తరహా డ్రైవర్లను పక్కన పెడతామని ఎప్పుడో ప్రకటించారు. కాబట్టి పదేళ్లు వాడదామనుకుంటే వైఫై, ఎయిర్‌ప్రింట్ రెండూ ఉన్న లేజర్‌కు ఇంకొంచెం ఖర్చు పెట్టడమే మేలు. ధర మరీ తక్కువగా ఉండి, విండోస్ డ్రైవర్ లేనిదే కదలని మోడల్ అయితే ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోకండి.