పదేళ్లు దాటిన సింగిల్ డోర్ ఫ్రిజ్: కర్నూలు ఎండల్లో ఎంతవరకు నమ్మొచ్చు?

పాలు సాయంత్రానికే విరిగిపోతున్నాయని, దోసెపిండి పొంగిపోతోందని చెప్పగానే చాలామంది అనే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింది." పాత ఫ్రిజ్‌ల మీద ఇంత తేలిగ్గా వేసే నింద ఇంకోటి లేదు. ఫ్రిజ్‌లో గ్యాస్ వంటగ్యాస్‌లా వాడేకొద్దీ తరిగేది కాదు. గొట్టానికి ఎక్కడో చిల్లు పడితేనే తగ్గుతుంది. కాబట్టి డబ్బు తీసే ముందు ఫ్రిజ్ ఏం చెబుతోందో చూడాలి.

మొదట మన ఊరి వేడి సంగతి. ఫ్రిజ్‌కు అతికించిన వివరాల పట్టీ (రేటింగ్ ప్లేటు) మీద క్లైమేట్ క్లాస్, అంటే ఎంత వేడిలో పనిచేస్తుందో చెప్పే అక్షరం ఉంటుంది. 'ఎన్' అంటే 32 డిగ్రీల గది వేడి వరకు, 'ఎస్‌టీ' 38 వరకు, 'టీ' 43 వరకు పనిచేసేలా చేసినదని అర్థం. మే నెలలో బండల మిద్దె కింద, పొయ్యి పక్కన పెట్టిన ఫ్రిజ్ కంప్రెసర్ ఆగకుండా ఆడితే అది జబ్బు కాదు. ప్లగ్ తీసి, వెనక నల్ల జాలీకి పట్టిన దుమ్మును బ్రష్‌తో దులిపి, గోడకు జానెడు దూరం జరిపి చూడండి. జాలీ కనిపించని మోడళ్లలో వేడి పక్క రేకుల నుంచి పోతుంది, వాటికి పక్కల ఖాళీ కావాలి.

అసలు పరీక్ష ఫ్రీజర్‌దే. ఐసు మొత్తం కరిగించి, తుడిచి, డయల్ మధ్యలో పెట్టి రెండు గంటలు తలుపు తెరవకుండా ఆడించాలి. తర్వాత మంచు ఎక్కడ పట్టిందో చూడాలి.

పెట్టె అంతా సమానంగా పడితే గ్యాస్, కంప్రెసర్ రెండూ బాగున్నట్టే. కింది అరలు చల్లబడకపోతే తప్పు తలుపు రబ్బరుదో, గాలి ఆడకుండా కుక్కిన సామానుదో. తలుపులో కాగితం పెట్టి లాగితే సులువుగా జారివస్తే రబ్బరు వదులైనట్టే. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఒత్తితే కొన్నిసార్లు సర్దుకుంటుంది, చిరిగితే మార్చాల్సిందే.

మంచు ఒక మూలే పట్టి మిగతాది తడిగా ఉంటే గ్యాస్ తగ్గిందని, లేదా గ్యాస్‌ను ఫ్రీజర్‌లోకి వదిలే సన్నటి కాపిలరీ గొట్టం సగం మూసుకుందని అనుమానించాలి. కాసేపు చల్లబడి, తర్వాత చల్లదనం ఆగిపోయి, ఫ్రిజ్ ఆపి కరిగించాక మళ్లీ చల్లబడితే లోపల తేమ చేరి గడ్డకడుతున్నట్టు. కంప్రెసర్ ఆడుతున్నా మంచు అసలు లేక, జాలీ వెచ్చబడకపోతే గ్యాస్ పూర్తిగా పోయిందో, కంప్రెసర్ పంపు అరిగిందో.

లోపల బల్బు వెలుగుతూ, కొన్ని నిమిషాలకోసారి 'టక్' మని శబ్దం మాత్రమే వస్తుంటే ముందు వోల్టేజీ చూడాలి. ఇళ్లన్నిటిలో కూలర్లు, ఏసీలు ఆడే రాత్రివేళ, కంప్రెసర్ లేచే క్షణంలో వోల్ట్‌మీటరు 180 వోల్టుల కిందికి పడితే స్టెబిలైజర్ కావాలి. వోల్టేజీ సరిగ్గా ఉంటే కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే, అది వేడెక్కితే కరెంటు ఆపే ఓవర్‌లోడ్ చూడాలి. రిలే విప్పి ఊపితే గలగలమంటే లోపలి బిళ్ల పగిలినట్టే. ఇవి చవక సామాన్లు. అవీ బాగుంటే కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య మల్టీమీటరుతో ఓమ్స్ (నిరోధం) కొలవాలి: రెండు చిన్న విలువల మొత్తం పెద్ద విలువకు దాదాపు సమానం కావాలి. ఏ పిన్నుకైనా కంప్రెసర్ బాడీతో కంటిన్యుటీ (కరెంటు దారి) వస్తే లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్ పోయింది.

గ్యాస్ పట్టించక తప్పకపోతే మెకానిక్‌ని నాలుగు విషయాలు గట్టిగా అడగండి. లీకు నైట్రోజన్ ప్రెషర్‌తో, సబ్బు నురగతో పట్టుకోవాలి. ఫిల్టర్ కొత్తది వేయాలి. వాక్యూమ్ పంపు కనీసం అరగంట ఆడించాలి. గ్యాస్‌ను తూకం వేసి, ప్లేటు మీద రాసిన గ్రాముల లెక్కనే ఎక్కించాలి. ఫ్రిజ్ గ్యాస్‌ల్లో ఆర్600ఏ మండే రకం, పాత రకమైన ఆర్134ఏ పట్టే బరువులో సగం కూడా పట్టదు. ఒకదాని బదులు ఇంకోటి ఎక్కించే వాళ్లకు ఫ్రిజ్ అప్పగించకండి.

ఈ ఫ్రిజ్‌ల బలం సరళత: ఫ్యాన్ లేదు, ఐసు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ లేదు, ఎలక్ట్రానిక్ బోర్డు లేదు. బలహీనత పల్చటి అల్యూమినియం ఫ్రీజర్. ఐసు అర అంగుళం దాటాక చాకుతో పొడిస్తే చిల్లు పడుతుంది, ఆ చిల్లులోంచి నీళ్లు కంప్రెసర్ దాకా పోతాయి. రిలే, థర్మోస్టాట్, రబ్బరు దగ్గర ఆగే రిపేరైతే నిస్సందేహంగా చేయించండి. ఫ్రీజర్ చిల్లుపడి, కంప్రెసర్ కూడా మార్చాలంటే మాత్రం ఆ డబ్బు కొత్తదానికి పెట్టడమే మేలు. కొత్తది కొనేటప్పుడు ప్లేటు మీద 'టీ' అక్షరం ఉందో లేదో చూసుకోండి.