అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ బ్యాచ్: నెల రోజుల అనుభవం

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లోని ఒక శిక్షణ సంస్థ, విదేశాలకు వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ (ఆడియో విని జవాబులు రాసే విభాగం) ఒక్కదానికే ప్రత్యేకంగా నడిపే నెల రోజుల బ్యాచ్‌లో గత వేసవిలో చేరాను. మొదటిసారి పరీక్ష రాసినప్పుడు నాలుగు విభాగాల్లోనూ 7 బ్యాండ్ (తొమ్మిదికి ఏడు స్కోరు) వచ్చింది. అయితే కెనడాలో స్థిరపడేందుకు దరఖాస్తు చేసుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో సీఎల్‌బీ (ఆ దేశపు భాషా ప్రమాణం) 9 స్థాయి లెక్కలోకి రావాలంటే మిగిలిన మూడింటికీ 7 సరిపోతుంది కానీ లిజనింగ్‌లో మాత్రం 8 ఉండాలి. 40 ప్రశ్నల్లో 30 సరైతే సుమారుగా 7 బ్యాండ్, 35 సరైతే 8 బ్యాండ్ అని లెక్క. ఆ ఐదు జవాబుల కోసం నేను 6,000 రూపాయల ఫీజు కట్టాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి బ్యాచ్‌లు ఆ వీధిలో చాలా ఉన్నాయి కనుక, అక్కడ నాకు ఏది పనికివచ్చిందో, ఏది రాలేదో చెప్పడమే నా ఉద్దేశం.

పనికివచ్చినది ఉదయం ఏడింటికి వచ్చే మాస్టారు. ఆయన మొదటి వారమంతా ఒక్క టెస్టు కూడా పెట్టలేదు. లిజనింగ్ పరీక్షలోని నాలుగు భాగాల్లో చివరిదానిలో వచ్చే ఉపన్యాసం నుంచి ఒక్క నిమిషం ఆడియో తీసుకుని, దాన్ని ఐదారుసార్లు వినిపించి, విన్న ప్రతి మాటనూ రాయించి, తరువాత స్క్రిప్టు చేతికిచ్చి ఎవరి తప్పులను వాళ్లనే దిద్దుకోమనేవారు. టెస్టులు రాద్దామని వస్తే చిన్నపిల్లలకు పెట్టినట్టు డిక్టేషన్ ఏమిటని మేము లోలోపల విసుక్కున్నాం. మూడో రోజుకు గాని నా చెవి ఎక్కడ మోసపోతోందో నాకు తెలియలేదు.

ఆయన చెప్పిన కారణం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. బస్ అనే మాటను బస్సు అనీ, కార్ అనే మాటను కారు అనీ మార్చుకుంటే గాని మన నాలుకకు తృప్తి ఉండదు. ఇంగ్లీషు మాట్లాడేవారు చివరి హల్లును సగమే పలికి తరువాతి మాటలోకి వెళ్లిపోతారు కాబట్టి, బహువచనాన్ని తెలిపే చివరి ‘స్’, భూతకాలాన్ని తెలిపే చివరి ‘డ్’ మన చెవికి అందకుండా జారిపోతాయి. టికెట్స్ అని రాయవలసిన చోట టికెట్ అని రాస్తే ఆ మార్కు పోయినట్టే. మొదటి వారం నా నోటుపుస్తకంలో దిద్దుకున్న పదకొండు తప్పుల్లో ఆరు ఇటువంటివే. ఇంగ్లీషు అర్థం కాక పోయిన మార్కులు రెండే.

మొదటి భాగం సులువని అందరూ అంటారు గానీ, పేర్లు, చిరునామాలు అక్షరం అక్షరంగా చెప్పే ఆ సంభాషణలోనే మా బ్యాచ్‌లో ఎక్కువమంది తడబడ్డారు. అమెరికన్ నోట ‘జెడ్’ కాస్తా ‘జీ’ అవుతుంది; మనవాళ్లు దాన్ని విని ధైర్యంగా జి అక్షరం రాసేస్తారు. ఆస్ట్రేలియన్లు ‘ఎ’ అక్షరాన్ని పలికితే మనకు ‘ఐ’ అన్నట్టు వినిపిస్తుంది. థర్టీన్, థర్టీల మధ్య తేడాను చివరి ‘న్’ కోసం వెతక్కుండా ఊనిక ఎక్కడ పడిందో చూసి పట్టుకోవాలని ఆయన ఒక పూటంతా సాధన చేయించారు. మంగళవారం అని చెప్పి, వెంటనే కాదు కాదు గురువారం అని మాట మార్చే ప్రశ్నలకు ఆయన సూత్రం ఒక్కటే: మొదట విన్నదాన్ని పెన్సిల్‌తో కూడా రాయవద్దు, మనసులో ఉంచుకోండి.

ఇక లోపాలకు వస్తే, పద్దెనిమిదో రోజు తరువాత మాస్టారు వేరే బ్యాచ్‌కు వెళ్లిపోయారు. ఆ తరువాత రోజుకో మాక్ టెస్టు పెట్టడం, ‘కీ’ చదివి వినిపించడం, మార్కులు రాసుకోవడం తప్ప మరేమీ జరగలేదు. జవాబు ఎందుకు తప్పిందని అడిగితే మళ్లీ వినిపిస్తామనేవారు. అసలు పరీక్షలో ఆడియోను ఒక్కసారే వినిపిస్తారు కాబట్టి, టెస్టు మధ్యలో అలా ఆపి వినిపించడం సాధనను చెడగొట్టింది. గది రోడ్డు వైపు ఉండేది. ఆడియో గోడకు తగిలించిన స్పీకర్‌లో వచ్చేది. మాలో చాలామంది కంప్యూటర్‌పై రాసే పరీక్షకు స్లాట్ తీసుకున్నవాళ్లమే అయినా, అక్కడ హెడ్‌ఫోన్లు లేవు, జవాబులు కాగితంపైనే రాయించేవారు. కాగితంపై రాసే పరీక్షలో జవాబులను షీటులోకి ఎక్కించడానికి 10 నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్‌పై రాసేవారికి సరిచూసుకోవడానికి 2 నిమిషాలే ఉంటాయి. ఈ తేడాను సంస్థలో ఎవరూ మాకు చెప్పలేదు, నేను సొంతంగా చదువుకుని తెలుసుకున్నాను. సంస్థవారు సొంతంగా రికార్డు చేసిన కొన్ని ఆడియోలలో లండన్ విద్యార్థి కూడా మా గుంటూరు యాసలోనే మాట్లాడాడు. వినడానికి హాయిగానే ఉంది, పరీక్షకు మాత్రం ఉపయోగం లేదు.

చివరి పది రోజులూ తరగతి మానేసి, నిర్వాహక సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే నమూనా పరీక్షలను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంట్లోనే రాశాను. ప్రతి తప్పుకూ స్క్రిప్టులో ఆ వాక్యాన్ని వెతికి పట్టుకుని, దాన్ని పైకి చదివేవాణ్ణి. రెండోసారి పరీక్షలో లిజనింగ్‌లో 8 వచ్చింది. నేను చేరిన రోజున సంస్థ కౌన్సెలర్ ఇచ్చిన ‘గ్యారంటీ’కి ఇందులో వాటా లేదని నా అభిప్రాయం. ఇంకా 6 బ్యాండ్ దాటనివారికి ఈ బ్యాచ్ తొందరే అవుతుంది. చేరదలచినవారు ఫీజు కట్టే ముందు ఒక ఉదయం డెమో తరగతిలో కూర్చుని, ఆడియోతో పాటు స్క్రిప్టు ఇస్తారా, ఎన్ని టెస్టులు కంప్యూటర్‌పై పెడతారు, మొదటి రోజు వచ్చే మాస్టారు చివరి రోజు వరకూ ఉంటారా అన్న మూడింటికీ జవాబు రాబట్టుకోవాలి. మూడో ప్రశ్నకు నాకు ఆ రోజు ‘తప్పకుండా ఉంటారండీ’ అనే చెప్పారు కనుక, వీలైతే ఆ మాటను మాస్టారినే అడగండి.