కాజాకి బస్సా, లిఫ్టా? వెంట పాత దోస్తులా, కొత్తవాళ్లా?

పోయిన ఆదివారం మా బాబాయి కొడుకు తార్నాకలో మా ఇంటికొచ్చాడు. జూలైలో హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్తాడట. ఐదుగురు దోస్తుల్లో ముగ్గురికి అప్పుడే సెలవు దొరకలేదు. "అన్నా, మిగిలినవాళ్లతో బస్సులో పోవాలా? లేక ఒక్కణ్నే పోయి, హాస్టల్లో దొరికినవాళ్లతో కలిసి లిఫ్ట్ అడుక్కుంటూ తిరగాలా?" అన్నాడు. నేను మూడేళ్ల కింద ఆగస్టులో రెండో పద్ధతిలో వెళ్లొచ్చానని వాడికి తెలుసు. అందులో ఎంత బాగుందో, ఎంత తిప్పలైందో మాత్రం తెలియదు.

పైకి ఎక్కేటప్పుడు బస్సు, స్పితిలో ముఖ్యమైన ఊరు కాజా చేరాక లిఫ్ట్. నా మాట ఇదే.

మనాలి నుంచి కాజా సుమారు 200 కిలోమీటర్లు. 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం దాటితే లాహౌల్ లోయలో తేలతాం. మా తిప్పలు అక్కడే మొదలయ్యాయి. మమ్మల్ని ఎక్కించుకున్న కారాయన కేలాంగ్ వెళ్తున్నాడు. సొరంగం బయట దించేసి ఎడమవైపు తిరిగాడు. తర్వాత వచ్చిన బళ్లు కూడా దాదాపు అన్నీ ఎడమవైపే. మాకు కావాల్సింది కుడివైపు. నలుగురం, నాలుగు పెద్ద బ్యాగులు. మా గుంపును దూరం నుంచి చూసి స్పీడు పెంచినవాళ్లే ఎక్కువ. రెండున్నర గంటలయ్యాక బుద్ధొచ్చి ఇద్దరిద్దరుగా విడిపోయాం. పది నిమిషాల్లో ఒక పికప్ ఆగింది. హబ్సిగూడ దాకా బండి వెనక కూర్చోబెట్టుకోమని అడగడం వేరు, బ్యాగులతో సహా నలుగురిని ఎత్తుకోమనడం వేరు.

ఆ రెండున్నర గంటలకి అసలు ఖరీదు వాగుల దగ్గర తెలిసింది. ఆ కుడివైపు దారిలో గ్రాంఫూ దాటాక బాతల్ దాకా రోడ్డంటే చాలా చోట్ల రాళ్లే. కొండల మీది మంచు కరిగిన నీళ్లు రోడ్డుకి అడ్డంగా పారుతుంటాయి. పొద్దున చీలమండ దాకా ఉన్న నీళ్లు, ఎండ ముదిరాక మధ్యాహ్నానికి మోకాలు దాటతాయి. బస్సు తెల్లవారకముందే బయల్దేరుతుంది కాబట్టి నీళ్లు తక్కువగా ఉన్నప్పుడే దాటేస్తుంది. లిఫ్ట్‌లో వెళ్లేవాడు వాగు దగ్గరికి ఎప్పుడు చేరతాడో వాడికే తెలియదు. మా పికప్ ఒక వాగు మధ్యలో ఆగిపోతే ప్యాంటు మడిచి దిగి తోశాం. ఆ చలి ఎముకలకి పట్టింది.

ఇక ఎత్తు సంగతి. హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు. దారిలోని కుంజుమ్ కనుమ 4,500 దాటుతుంది, కాజా 3,600 దాటుతుంది. మూడు వేలు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని డాక్టర్లు చెప్తారు. రెండు వేల మీటర్ల మనాలి నుంచి ఒక్క రోజులో కాజా అంటే ఆ లెక్క తప్పినట్టే. అందుకే వాడికి చెప్పాను: షిమ్లా, కల్ప, నాకో, టాబో మీదుగా ఆగుతూ బస్సుల్లో ఎక్కు, తిరుగు ప్రయాణంలో మనాలి వైపు దిగు. నాలుగైదు రోజులు ఎక్కువ పడుతుంది, పట్టనీ.

నాకు కాజాలో మొదటి రాత్రే తల పగిలిపోయేంత నొప్పి, రెండుసార్లు వాంతి. తెల్లారేసరికి మా నలుగురిలో ఇద్దరు చంద్రతాల్ సరస్సుకి వెళ్లిపోయారు, చెప్పనైనా చెప్పలేదు. మనాలిలో రెండు రోజులు ఒకే ప్లేట్లో మోమోలు తిన్నవాళ్లు! కోపమొచ్చింది కానీ, వాళ్లు నాకేం బాకీ? మూడో మనిషి కొట్టాయం అమ్మాయి. ఆగిపోయింది. ఢాబా నుంచి వెల్లుల్లి సూప్ తెచ్చి, "థ్యాంక్స్ అక్కర్లేదు, నాకూ లేచే ఓపిక లేదు" అంది. పాత దోస్తులైతే ఐదుగురూ ఆగేవాళ్లు, ఆ తర్వాత పదేళ్లు దెప్పేవాళ్లు. ఏది మేలో మీరే అనుకోండి. నాకైతే ఇద్దరు పోయి ఒకరు మిగలడమే కలిసొచ్చింది. ఎందుకంటే లిఫ్ట్‌కి ఇద్దరే సరైన లెక్క.

తర్వాత నాలుగు రోజులు ఇద్దరం కాజా చుట్టుపక్కల ఊళ్లు లాంగ్జా, హిక్కిం, కోమిక్ అన్నీ లిఫ్ట్ మీదే తిరిగాం. దూరాలు తక్కువ, దొరక్కపోతే వెనక్కి నడిచి రావచ్చు. హిక్కింలో 4,400 మీటర్ల ఎత్తున 1983 నుంచి పోస్టాఫీసు నడుస్తోంది. అక్కణ్నుంచి మా అమ్మకి కార్డు రాశాను. ఎక్కేముందే "ఎంతివ్వాలి భయ్యా" అని అడగడం మర్యాద. కొందరు తీసుకుంటారు, కొందరు నవ్వుతారు. ఆ అమ్మాయికి ఇంకో నియమం ఉండేది: ఎక్కేముందు నంబర్ ప్లేటు ఫొటో తీసి వాళ్ల అక్కకి పంపడం, సిగ్నల్ లేకపోతే బండాయన చూస్తుండగానే తియ్యడం.

దిగేటప్పుడు పచ్చి బఠానీ మూటల లారీ దొరికింది. స్పితిలో ఆ రోజుల్లో బఠానీ కోతలు. డ్రైవరు గుప్పెడు కాయలు ఒళ్లో పోస్తే మొహమాటంతో మన హైదరాబాదీలో "నక్కో భయ్యా", అంటే వద్దని, అనేశాను. ఆయన ఆ మాట పట్టుకుని బాతల్ దాకా నవ్వుతూనే ఉన్నాడు, ప్రతి మలుపులోనూ "నక్కో, నక్కో" అంటూ. బస్సులో అయితే ఇది జరిగేది కాదు, ఒప్పుకుంటాను.

ఈ కథ మా బాబాయి చెవిన పడింది. ఆయన బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. లోయలో పడతారనే భయం కన్నా ఆయనకి ఇంకో బాధ. "సరుకు బండిలో ఊరికే ఎక్కినవాడికి ఏమైనా అయితే బీమా కంపెనీ కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది రా. కారైతే ఎక్కు, లారీ వద్దు" అన్నాడు. పికప్ కూడా సరుకు బండే కదా నాన్నా అని వీడు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. ఈలోగా తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ టికెట్ చూస్తే అప్పుడే వెయిటింగ్ లిస్ట్.